మాట కానిదంతా: హావభావాలు, గొంతు, మౌనం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారి మొహాన్ని దాదాపు ఏడాది పాటు మా ఇంట్లో అందరం తప్పుగా అర్థం చేసుకున్నాం. ఆ సంగతి కింద ఒక జవాబులో చెప్తాను. అది తెలిసొచ్చాకే ఈ విషయం మీద దొరికినంతా చదవడం మొదలుపెట్టాను. నేను ఇలా చదువుతున్నానని తెలిసి స్నేహితులు, బంధువులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి.

మాటల్లేని సంభాషణ అంటే బాడీ లాంగ్వేజేనా?

బాడీ లాంగ్వేజ్ అందులో ఒక భాగం. మొహం, చూపు, చేతులు, నిలబడే తీరు, ఎంత దూరంలో నిలబడ్డాం, భుజం మీద చెయ్యి వేశామా లేదా, ఇవన్నీ కంటికి కనిపించేవి. చెవికి వినిపించేవీ ఉన్నాయి. గొంతు పెరగడం, గొంతు పూడుకుపోవడం, మాట తడబడటం, నిట్టూర్పు, రెండు మాటల మధ్య వదిలిన ఖాళీ. "వస్తాను" అనే ఒక్క మాటని ధైర్యం చెప్తున్నట్టు అనొచ్చు, విసుగ్గా అనొచ్చు, బెదిరిస్తున్నట్టు కూడా అనొచ్చు. అక్షరాలు అవే, అర్థం మాత్రం మారిపోతుంది. ఎప్పుడు స్పందించామన్నది కూడా ఇందులోకే వస్తుంది. ఫోన్ మోగగానే ఎత్తడం, మూడు రోజుల తర్వాత తిరిగి చేయడం ఎదుటివాళ్ళకి ఒకేలా అనిపించవు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. సంస్కృతంలో ఇంగితం అంటే మనసులో ఉన్నదాన్ని బయటపెట్టే సైగ, కదలిక. ఎదుటివాళ్ళు నోరు విప్పకముందే వాళ్ళ తీరు చూసి గ్రహించగలగడం ఇంగితజ్ఞానం. ఇప్పుడు ఆ మాటని కామన్ సెన్స్ అనే అర్థంలో వాడుతున్నాం గానీ, నాకు ఆ పాత అర్థమే ఇష్టం.

బధిరులు వాడే సైగల భాష ఇందులోకి వస్తుందా?

రాదు. అది పూర్తి స్థాయి భాష. దానికి పదాలున్నాయి, వ్యాకరణం ఉంది. కనుబొమలు ఎత్తడం, తల వంచడం లాంటివి కూడా అందులో చాలాచోట్ల వ్యాకరణంలో భాగమే, ఒక వాక్యం ప్రశ్న అవునో కాదో వాటితోనే తెలుస్తుంది. అమెరికన్ సైగల భాషకి దానిదైన నిర్మాణం ఉందని విలియం స్టోకీ 1960లో చూపించాక భాషా శాస్త్రవేత్తలు దీన్ని క్రమంగా ఒప్పుకున్నారు. నోటితో పలకనంత మాత్రాన అది "మాటల్లేనిది" అయిపోదు.

సంభాషణలో 93 శాతం మాటల్లేకుండానే జరుగుతుందట, నిజమేనా?

నిజం కాదు. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఈ అంకె వినని వాళ్ళు ఉండరు. మాటలకి 7 శాతం, గొంతుకి 38, మొహానికి 55 అని స్లైడ్ వేసి మరీ చూపిస్తారు.

ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన రెండు చిన్న అధ్యయనాల నుంచి వచ్చాయి. ఒకదాంట్లో కొన్ని విడి పదాలని రకరకాల గొంతులతో రికార్డు చేసి వినిపించారు. రెండోదాంట్లో ఒకే ఒక్క పదాన్ని వేర్వేరు గొంతులతో వినిపిస్తూ, దానితో పాటు మొహాల ఫొటోలు చూపించారు. పలికిన వ్యక్తికి ఇష్టం ఉన్నట్టుందా, అయిష్టం ఉన్నట్టుందా అని అడిగారు. ఆ రెండింటి ఫలితాల్ని కలిపి ఈ లెక్క కట్టారు. అంటే ఇది పూర్తి వాక్యాలతో సాగిన సంభాషణ గురించి కానే కాదు. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే తర్వాత స్పష్టంగా చెప్పారు.

ఇంత చెప్పనక్కర్లేకుండానే ఇంకో పరీక్ష ఉంది. మీకు రాని భాషలో వచ్చే వార్తల్ని పది నిమిషాలు చూడండి. మొహాలు కనిపిస్తాయి, గొంతులు వినిపిస్తాయి. వార్తల్లో 93 శాతం అర్థమైందా?

మరి మాట కంటే మొహాన్నే నమ్మే సందర్భాలు ఎందుకుంటాయి?

రెండూ ఒకదానికొకటి పొసగనప్పుడు అలా జరుగుతుంది. "నాకేం కోపం లేదు" అని పళ్ళు బిగించి అంటే ఎవరూ ఆ మాటని నమ్మరు. మాటని ఎంచుకోవడం మన చేతుల్లో పని, గొంతూ మొహమూ అంతగా అదుపులో ఉండవని అందరికీ అనుభవంలో తెలుసు. నోటితో నవ్వి నొసటితో వెక్కిరించడం అనే నానుడి ఇక్కడి నుంచే వచ్చింది.

ఆ నానుడిలోని పరిశీలనకి దగ్గరగా ఉండే విషయాన్నే ఫ్రెంచ్ వైద్యుడు డుషేన్ 1862లో రాశారు. మొహం కండరాలకి కొద్దిపాటి విద్యుత్తు తగిలించి, ఏ కండరం ఏ కవళికని తెస్తుందో ఫొటోలు తీసిన మనిషి ఆయన. పెదవుల కొసల్ని పైకి లాగే కండరం మనం అనుకుంటే కదులుతుంది, కళ్ళ చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషంలోనే కదులుతుందని ఆయన భావించారు. కళ్ళు కూడా నవ్వాయి అంటామే, అదే. అయితే కావాలనుకుంటే కళ్ళతో సహా నవ్వు తెచ్చిపెట్టుకోగలిగే వాళ్ళు చాలామందే ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అందుకని ఎదుటివాళ్ళ నవ్వు అసలుదా నకిలీదా అని కళ్ళ పక్క ముడతలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

కోపం, భయం, సంతోషం ప్రపంచమంతా ఒకేలా కనిపిస్తాయా?

దీని మీద 150 ఏళ్ళకి పైగా వాదన నడుస్తోంది. చార్లెస్ డార్విన్ 1872లో దీని గురించే ఒక పుస్తకం రాశారు. 1960ల చివర్లో పాల్ ఎక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పపువా న్యూగినీ వెళ్ళి, బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని ఫోరే ప్రజలకి ఫొటోలు చూపించారు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, జుగుప్స ఎక్కడైనా ఒకే కవళికలతో బయటపడతాయన్నది ఆయన వాదన.

2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూశారు. కోపం వచ్చినప్పుడు జనం కనుబొమలు ముడిచి చూసేది సుమారు 30 శాతం సందర్భాల్లోనే అని తేలింది. మిగతా సమయాల్లో కొందరు ఏడుస్తారు, కొందరు నవ్వుతారు, కొందరు కదలకుండా ఉండిపోతారు. పైగా కనుబొమలు ముడిచిన ప్రతివాళ్ళకీ కోపం ఉండదు. ఏదో గట్టిగా ఆలోచిస్తుండొచ్చు, కడుపులో నొప్పి ఉండొచ్చు. నాకు ఈ వాదనే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. మొహం చూసి భావాన్ని కనిపెడతామని చెప్పుకునే కెమెరాలు, సాఫ్ట్‌వేర్లు ఉద్యోగాల ఎంపికలోకి వస్తున్న కాలంలో ఇది పండితుల చర్చగా మిగిలిపోకూడదు.

చేతులు కట్టుకుని కూర్చుంటే మన మాట నచ్చలేదనా?

చలేసి ఉండొచ్చు. కుర్చీకి చేతులు లేకపోయి ఉండొచ్చు. చాలామందికి అది సౌకర్యంగా ఉండే భంగిమ, అంతే. ఒక భంగిమకి ఒక అర్థం రాసిపెట్టిన పట్టికలు ఎక్కడ కనిపించినా పక్కన పెట్టేయండి. చూడాల్సింది మార్పుని. అరగంట నుంచి చేతులు ఊపుతూ మాట్లాడుతున్న మనిషి, ఒక పేరు వినగానే చేతులు దగ్గరకి ముడుచుకుని ముభావంగా అయిపోతే, అక్కడ ఏదో జరిగింది. ఏం జరిగిందో మాత్రం చేతులు చెప్పవు.

అబద్ధం చెప్పేవాళ్ళని కళ్ళు చూసి పట్టేయొచ్చా?

పట్టలేం. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో రెండు వందలకి పైగా అధ్యయనాల ఫలితాల్ని కలిపి చూశారు. వాటిలో పాల్గొన్నవాళ్ళు ఇరవై వేలకి పైనే. నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం సార్లు. నాణెం ఎగరేసి చెప్పినా 50 శాతం వస్తుంది. విచారణలు చేయడమే వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా మొత్తం మీద మామూలు మనుషుల కంటే పెద్దగా మెరుగ్గా లేరు.

అయినా "అబద్ధం చెప్పేవాడు కళ్ళలోకి చూడలేడు" అనే నమ్మకం ప్రపంచంలో డజన్ల కొద్దీ దేశాల్లో ఉంది. అబద్ధం ఆడేవాళ్ళు చూపు తిప్పుకుంటారనడానికి పరిశోధనల్లో చెప్పుకోదగ్గ ఆధారమే దొరకలేదు. ఆలోచించేటప్పుడు మనమంతా చూపు పక్కకి తిప్పుతాం. కుడివైపు పైకి చూస్తే కల్పిస్తున్నట్టు, ఎడమవైపు చూస్తే గుర్తు తెచ్చుకుంటున్నట్టు అనే మాట కూడా 2012లో పరీక్షకి పెడితే నిలబడలేదు.

ఇది తెలియకపోవడం వల్ల నష్టపోయేది టెన్షన్ పడే మనుషులు. తరగతిలో ఏదో పోయిందనుకోండి. టీచర్ అందర్నీ నిలబెట్టి అడుగుతుంటే, తప్పు చేయని పిల్లవాడికే ముందు చెమటలు పడతాయి, గొంతు వణుకుతుంది. నన్ను నమ్మరేమో అన్న భయం కూడా బయటికి తప్పు చేసిన భయంలాగే కనిపిస్తుంది. చిన్నప్పుడు ఒకసారి అలా నిలబడ్డాను కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

మొహంలో ఏ భావమూ కనిపించని వాళ్ళని ఎలా అర్థం చేసుకోవాలి?

ఇక్కడే మా నాన్నగారి సంగతి చెప్పాలి.

ఆయన మాటకి ముందు నవ్వొచ్చే మనిషి. నెమ్మదిగా ఆ నవ్వు తగ్గిపోయింది. మేం ఏం చెప్పినా మొహం బిగించుకున్నట్టే ఉండేది. గొంతు కూడా సన్నగిల్లి, ముక్తసరిగా జవాబిచ్చేవారు. అమ్మ తన మీద కోపం అనుకుంది. నేను ఉద్యోగం మారడం ఆయనకి ఇష్టం లేదనుకున్నాను. మనవరాలు పరుగెత్తుకుంటూ వెళ్ళి బొమ్మ చూపిస్తే ఆయన మొహం కదల్లేదు. ఆ పిల్ల మళ్ళీ చూపించడం మానేసింది. ఎవరికి వాళ్ళం ఒక కారణం ఊహించుకుని, ఆయనతో మాటలు తగ్గించేశాం. ఆయన్ని ఒక్కసారైనా అడగలేదు. చివరికి చెయ్యి వణుకుతోందని డాక్టరు దగ్గరికి వెళ్తే పార్కిన్‌సన్స్ అని తేలింది.

ఆ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గుతుంది. నడక నెమ్మదించినట్టే మొహంలో కదలికలూ నెమ్మదిస్తాయి, రెప్పపాటు కూడా తగ్గుతుంది, గొంతు చిన్నబోతుంది. మొహానికి మాస్కు తొడిగినట్టు ఉంటుంది. ఆ మాస్కు వెనక మనిషికి సంతోషం, ఇష్టం అన్నీ ఉంటాయి. ఇంట్లో వాళ్ళే కాదు, వైద్యం చేసేవాళ్ళు కూడా ఇలాంటి మొహాన్ని చూసి "ఆసక్తి లేదు", "డిప్రెషన్" అనుకునే ప్రమాదం ఉంది. డిప్రెషన్ నిజంగానే తోడయ్యే వీలుంది కాబట్టి అది డాక్టరు అడిగి తేల్చాల్సిన విషయం, మొహం చూసి అనేసేది కాదు.

పుట్టుకతోనే మొహం కండరాలు కదలని మోబియస్ సిండ్రోమ్, పక్షవాతం, మొహం ఒకవైపు జారిపోయే బెల్స్ పాల్సీ, ఇలా కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక హెచ్చరిక: మొహం ఒకవైపు ఉన్నట్టుండి జారితే అది బ్రెయిన్ స్ట్రోక్ కావొచ్చు, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కళ్ళలోకి చూసి మాట్లాడని పిల్లల్ని సరిదిద్దాలా?

బలవంతం చేయకండి. ఆటిజం ఉన్న చాలామందికి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం ఇబ్బందిగా, కొందరికి బాధగా కూడా ఉంటుంది. చూపు పక్కకి పెడితేనే వాళ్ళు మాట శ్రద్ధగా వినగలరు. ఆటిజం ఉన్నవాళ్ళకి ఇతరుల మనసు అర్థం కాదని ఎంతోకాలం ఒకవైపు నుంచే చెప్పారు. స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ఈ లెక్కని సరిచేశారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉందని, మిగతావాళ్ళకి కూడా ఆటిజం ఉన్న మనిషి తీరు అంతే అర్థం కావడం లేదని ఆయన అన్నారు. పిల్లల్ని మార్చడానికి పడే శ్రమలో సగం వాళ్ళ తీరు నేర్చుకోవడానికి పెడితే ఎంత బాగుంటుందో.

పసిపిల్లలకి మన మొహాలు అర్థమవుతాయా?

మాట రాకముందే వాళ్ళు మొహాలతో సంభాషిస్తారు. ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగంలో, కొన్ని నెలల బిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు మొహంలో ఏ కదలికా లేకుండా బిడ్డని చూడమన్నారు. బిడ్డ ముందు నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే మొహం తిప్పేసుకుంటుంది. చూడటం కష్టంగా ఉండే వీడియో అది.

ఇది చదివి అమ్మానాన్నలు టెన్షన్ పడకండి. రోజూ ప్రతి క్షణం బిడ్డకి స్పందించే తల్లి ఎక్కడా ఉండదు. మామూలు ఆటలో కూడా తల్లీబిడ్డల తాళం చాలాసార్లు తప్పుతుందని, తప్పాక మళ్ళీ కలుపుకోవడమే ముఖ్యమని కూడా ట్రానిక్ బృందమే చెప్పింది.

ఫోన్లో మాట్లాడుతూ కూడా చేతులెందుకు ఊపుతాం?

చేతులు వినేవాళ్ళ కోసమే కదలవు. మన ఆలోచనకీ సాయం చేస్తాయి. జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 1998లో పుట్టుకతో చూపు లేని పిల్లల్ని గమనించారు. ఎవరి చేతులూ ఎప్పుడూ చూడని ఆ పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదిపారు. వింటున్నవాళ్ళకీ చూపు లేదని తెలిసినప్పుడు కూడా కదిపారు.

ఎంత దూరంలో నిలబడాలి?

అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో కొన్ని కొలతలు చెప్పారు. 45 సెంటీమీటర్ల లోపు ఆత్మీయులకి, 1.2 మీటర్ల దాకా స్నేహితులకి, 3.6 మీటర్ల దాకా పని మీద కలిసేవాళ్ళకి. తను గమనించింది కొద్దిమంది అమెరికన్లనే అని కూడా ఆయనే రాశారు. టేపు పెట్టి కొలవనక్కర్లేదు. మీరు ఒక అడుగు ముందుకేస్తే వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారా? అక్కడే ఆగండి.

ఒక్క క్షణం ఆగి జవాబిస్తే ఎదుటివాళ్ళు ఎందుకు తప్పుగా అనుకుంటారు?

మాటకీ మాటకీ మధ్య మనం అలవాటు పడ్డ ఖాళీ చాలా చిన్నది కాబట్టి. పది భాషల్లో ప్రశ్నలకి జవాబులు ఎంతసేపటికి వస్తాయో 2009లో కొలిస్తే, సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. అంటే ఎదుటివాళ్ళు ముగించకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నాం. అంత వేగంలో "వస్తావా?" అన్న ప్రశ్నకి ఒక సెకను ఆగితే, అది "రాను" అని వినిపిస్తుంది.

పరాయి భాషలో మాట్లాడేవాళ్ళకీ, వినికిడి తక్కువున్నవాళ్ళకీ, నత్తి ఉన్నవాళ్ళకీ ఆ సెకను కావాలి. నెట్‌వర్క్ సరిగ్గా లేని కాల్‌లో ఆ సెకను లైనులో వచ్చిన జాప్యం. అవతలి మనిషిలో లేని తటపటాయింపుని మనం ఊహించుకుంటాం.

మెసేజ్‌లలో ఇన్ని అపార్థాలు ఎందుకు?

రాసేవాళ్ళకి తమ గొంతు మనసులో వినిపిస్తూ ఉంటుంది. అది అక్షరాల్లోకి ఎక్కలేదని వాళ్ళకి తట్టదు. 2005లో జస్టిన్ క్రూగర్ బృందం కొందరితో ఈమెయిల్‌లో కొన్ని మామూలు వాక్యాలు, కొన్ని వెటకారపు వాక్యాలు పంపించింది. ఏది వెటకారమో చదివేవాళ్ళు 78 శాతం సార్లు పట్టుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. పట్టుకున్నది 56 శాతం సార్లు.

ఈ లోటు తీర్చడానికే 1982 సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్‌తో నవ్వు మొహాన్ని ప్రతిపాదించారు. ఇవాళ్టి ఎమోజీలు అదే అవసరం నుంచి పెరిగాయి. అవి పనికొస్తాయి గానీ, మనసు నొచ్చుకునే విషయమైతే టైప్ చేయడం ఆపి ఫోన్ చేయండి.

అయితే వీడియో కాల్ ఇంకా మంచిది కదా?

ఎప్పుడూ అని చెప్పలేం. వీడియో కాల్స్ ఎందుకు అలసట తెస్తాయో 2021లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జెరెమీ బైలెన్సన్ నాలుగు కారణాలు రాశారు. మొహాలు మరీ దగ్గరగా అదేపనిగా మనల్నే చూస్తున్నట్టుండటం, మన మొహం మనకే కనిపిస్తూ ఉండటం, కదలడానికి లేకపోవడం, సైగల్ని పంపడానికీ అందుకోవడానికీ ఎక్కువ కష్టపడాల్సి రావడం. మీ బొమ్మ మీకు కనపడకుండా పెట్టుకుంటే చాలా హాయిగా ఉంటుంది. ఇంకో విశేషం, మైకేల్ క్రాస్ 2017లో చేసిన ప్రయోగాల్లో మొహం చూస్తూ విన్నవాళ్ళ కంటే గొంతు ఒక్కటే విన్నవాళ్ళు ఎదుటివాళ్ళ భావాన్ని కొంత మెరుగ్గా గ్రహించారు. దూరంగా ఉన్న అమ్మకి మామూలు ఫోన్ చేసి, కళ్ళు మూసుకుని వినండి.

ఎదుటివాళ్ళ తీరు తేడాగా అనిపిస్తే ఎలా అడగాలి?

చూసింది చెప్పండి, ఊహించింది చెప్పకండి. "నా మీద కోపంగా ఉన్నావు" అంటే వాళ్ళు కాదని వాదించుకోవాలి. "రెండు రోజుల నుంచి తక్కువ మాట్లాడుతున్నావు, ఏమైనా అయ్యిందా?" అంటే వాళ్ళకి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అడిగాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా ఆగండి. పది మందిలో అడగకండి. "ఏం లేదు" అంటే ఆ పూటకి వదిలేసి, మర్నాడు మామూలుగా పలకరించండి.

నా మొహమే నన్ను చెడ్డ చేస్తోంది. ఏం చేయను?

మొహాన్ని మార్చుకోవాలని తంటాలు పడకండి. ముందే ఒక మాట చెప్పి ఉంచండి. "ఆలోచిస్తున్నప్పుడు నా మొహం కోపంగా కనిపిస్తుందట, పట్టించుకోకండి" అని ఆఫీసులో మొదటి రోజే చెప్పుకున్న స్నేహితురాలు నాకుంది. ఆమెకి అది బాగా పనిచేసింది.

మా నాన్నగారికి ఇప్పుడు అద్దం ముందు కూర్చుని మొహానికీ, గొంతు పెంచడానికీ చేసే వ్యాయామాలున్నాయి, రోజూ చేస్తారు. వాటి వల్ల కొంత తేడా ఉంది. అంతకంటే ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం ఆయన సొంతంగా మొదలుపెట్టిన ఒక అలవాటు. మనవరాలు బొమ్మ గీసి తెచ్చి చూపిస్తే, ఆయన దాన్ని కాసేపు చూసి, "నవ్వుతున్నానే తల్లీ" అని పైకి చెప్తారు. ఆ పిల్ల మళ్ళీ రోజూ బొమ్మలు తెస్తోంది.